ఎర్రసముద్రంగా నా ఉద్యోగం

మీరు నమ్మినా నమ్మకపోయినా, నలభై రెండు రోజులపాటు నేను ఎర్రసముద్రంగా పనిచేశాను. నా పేరు మరిడయ్య. అంతకుముందు పందొమ్మిదేళ్లూ, ఆ తర్వాత ఇప్పటిదాకానూ నాది కాళ్ల తొట్టి ఉద్యోగం.

కాళ్ల తొట్టి అంటే ఏమిటో చెబుతాను. మాది రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి, ఓడలకెక్కించే కంపెనీ. నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. పేరు మత్స్యావతార ఫుడ్స్. లోపలికి పోయే గుమ్మంలో నులకమంచమంత గచ్చు తొట్టి, అందులో చీలమండల దాకా క్లోరిన్ నీళ్లు. మనిషైతే బూట్లు, ట్రాలీ అయితే చక్రాలు ఆ నీళ్లలో ముంచుకునే లోపలికి పోవాలి. నీళ్లు మార్చడం, మందు కలపడం, ముంచకుండా దూకేవాళ్లను వెనక్కి పిలవడం నా పని. ఎం.డీ. గారైనా నా ముందు ఆగి కాళ్లు తడుపుకోవాల్సిందే. మా ఊళ్లో బడికి వెళ్లినవాళ్లెవరికీ ఇంత మర్యాద దక్కలేదు. ఇన్నేళ్లలో నాకు బూటు చప్పుడుతోనే మనిషి తెలిసిపోతాడు. ఏ చెరువు మీంచి వచ్చాడో, ఇంట్లో పోట్లాడి వచ్చాడో లేదో చెప్పేస్తాను. ఒకసారి కునుకు తీస్తూనే ఏడుగుర్ని పేరు పెట్టి వెనక్కి పిలిచాను. ఒక్క పేరూ తప్పలేదు.

మా ఆవిడ మంగతాయారు అదే కంపెనీలో రొయ్యలు ఒలిచే షెడ్డుకి మేస్త్రి. ఆమె కింద నూట ఇరవైమంది ఆడవాళ్లు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఐసు నీళ్లలో చేతులు. పెళ్లైన కొత్తలో ఆమెకు కోపమొస్తే నా కుడి చెవి పట్టుకుని మెలేసేది. నేను పెట్టిన కేకకు ఏటి అవతల పడవవాళ్లు ఎవరో పిలిచారనుకుని ఇవతలికి వచ్చేసేవాళ్లు. ఇప్పుడూ మెలేస్తుంది. కానీ మూడేళ్లుగా నాకేమీ తెలియడం లేదు. ఆమెకూ తెలియడం లేదు. "పట్టుకున్నానా మావా?" అని అడుగుతుంది. "అబ్బా, పట్టుకున్నావే" అంటాను.

ఆ ఆడవాళ్లు అడిగిందల్లా షెడ్డు మూల ఒక వేణ్నీళ్ల తొట్టి. గంటకోసారి అయిదు నిమిషాలు చేతులు ముంచుకోవడానికి. మూడేళ్లుగా ఆ అర్జీ పరిశీలనలో ఉంది. ఎంత బాగా పరిశీలించారంటే, కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది.

ఈలోగా ప్రపంచానికి జబ్బు చేసింది. ఎక్కడో యుద్ధం వచ్చింది. ఎక్కడో ఓడలు దారి మళ్లాయి. ఎక్కడో సుంకం పెంచారు. మా ఎం.డీ. విజయగోపాలం గారు పట్నంలో పెద్ద హోటల్లో రెండు రోజుల సదస్సుకు వెళ్లి, మెడలో ఒక కార్డుతో, పక్కన ఒక శశాంక్ గారితో తిరిగొచ్చారు. శశాంక్ గారు మా కొత్త చీఫ్ రిస్క్ ఆఫీసరు. ముప్ఫయ్యేళ్లుంటాయి. కంపెనీకి రాబోయే ఆపదలన్నీ ముందే కనిపెట్టడం ఆయన పని. రొయ్య తింటే ఆయనకు దద్దుర్లు వస్తాయట.

అందరినీ లోడింగ్ దగ్గర నిలబెట్టి ఉపన్యాసమిచ్చారు.

"ప్రపంచ వాణిజ్య వ్యవస్థ నేడు అనూహ్య అనిశ్చితుల సంగమ స్థానంలో నిలిచి ఉంది. భౌగోళిక రాజకీయ విఘాతాలను తట్టుకోగల సంస్థాగత స్థితిస్థాపకతను మనం పెంపొందించుకోవలసి ఉంది."

ఐసు ప్లాంటు నడిపే చిట్టిబాబు చెయ్యెత్తాడు. "అంటే ఏంటండీ?"

"అంటే, కష్టం వచ్చాక నేర్చుకోవడం కాదు. వచ్చిందని అనుకుని ముందే నేర్చుకోవాలి."

"మరి వచ్చేసిన కష్టం సంగతేంటండీ బాబూ?" అంది మంగతాయారు. "మూడేళ్లనించి వేణ్నీళ్లు అడుగుతున్నాం. మా వేళ్లు కొయ్యలైపోతన్నాయి."

శశాంక్ గారు తన రిస్కుల పుస్తకం తీశారు. అందులో రెండు వందల పన్నెండు ఆపదలున్నాయి. ఒక్కొక్క పేజీ ఓపిగ్గా తిప్పారు.

"అగ్నిపర్వతం ఉంది. సముద్రపు దొంగలున్నారు. సూర్యుడి మీద తుపాను కూడా ఉంది. వేణ్నీళ్లు లేవమ్మా. ఇది జియోపొలిటికల్ అంశం కాదు. దేశాల మధ్య తలెత్తే సమస్యలే నా పరిధిలోకి వస్తాయి."

"అయితే మా షెడ్డు ఒక దేశమైతే ఇత్తారా అండి?"

అందరం నవ్వాం. శశాంక్ గారు నవ్వలేదు. జేబులోంచి కలం తీసి ఆ ముక్క రాసుకున్నారు. చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. ఎగతాళిని కూడా రాసుకుంటారు.

మూడో రోజు పొద్దున నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. "సంసిద్ధతా విన్యాసం. ఆరు వారాలు. ప్రతి విభాగం ఒక దేశంగా వ్యవహరించవలెను." ఒలిచే షెడ్డు అమెరికా. ఐసు ప్లాంటు చైనా. పరీక్షల గది ఐరోపా. క్యాంటీను గల్ఫ్. కాళ్ల తొట్టి ఎర్రసముద్రం. చదివి వినిపించిన చిట్టిబాబు నన్ను కిందికీ పైకీ చూసి, "ఏం మావయ్యా, ఉప్పగా ఉన్నావా?" అన్నాడు.

శశాంక్ గారు నా తొట్టి అంచుకు ఎర్ర రంగు వేయించి, నా చేతికి ఎర్ర పట్టీ కట్టారు.

"మరిడయ్య గారూ, మీరిక మనిషి కాదు. ఒక ఇరుకు జలమార్గం. ప్రతి మూడో ట్రాలీని ఆపాలి."

"ఎందుకని అడిగితే ఏం చెప్పనండి?"

"చెప్పకూడదు. ఎర్రసముద్రం ఎవరికైనా సంజాయిషీ ఇస్తుందా?"

"మరి ఆపిన ట్రాలీ ఎటు పోవాలండి?"

"ఆఫ్రికా చుట్టూ."

ఆఫ్రికా అంటే మా ఫ్యాక్టరీ వెనక భాగం. జనరేటరు షెడ్డు, మురుగు నీళ్ల తొట్టి, కొబ్బరి చెట్లు, ముళ్ల కంచె, వాటన్నిటి చివర తుప్పు పట్టిన ఒక పాత షట్టరు. అటు తిరిగి రావాలంటే ముప్పావు గంట. అక్కడ చక్రాలు ముంచే తొట్టి లేదు కదండీ అన్నాను. ఆఫ్రికా వైపు ఆ అంశం విన్యాసం పరిధిలో లేదన్నారు. పందొమ్మిదేళ్లుగా ఒక్క ఈగ కాలు కూడా కడక్కుండా లోపలికి వెళ్లనివ్వని నేను, ఆ మాట విని తొట్టిలో ఇంకో చెంబుడు మందు కలిపాను.

మొదటి వారం కుర్రాళ్లు ట్రాలీలు తోసుకుంటూ ఆఫ్రికా చుట్టూ పరిగెత్తారు. రెండో వారానికి కొబ్బరి చెట్ల దగ్గర, అంటే ఆ ఖండం కొసన, ఎవరో పకోడీల బండి పెట్టారు. మూడో వారానికి క్షవరం కుర్చీ వచ్చింది. నల్లగడ్డంతో వెళ్లినవాడు నున్నగా తిరిగొచ్చేవాడు. ఒక ట్రాలీ శనివారం బయల్దేరి సోమవారం వచ్చింది. ఆదివారం అక్కడ సెలవట. రొయ్యల మీది ఐసు కరిగి దారిపొడుగునా కాలవలు కట్టింది. ఆ కాలవల్లో బాతులు దిగాయి. శశాంక్ గారు గడియారం పట్టుకుని, "అద్భుతమైన డేటా" అంటూ తిరిగారు.

మిగతా దేశాలు నాకన్నా రెండాకులు ఎక్కువే చదివాయి. చిట్టిబాబు ఐసుని కీలక ఖనిజమని ప్రకటించాడు. ఒక పెళ్ల కావాలన్నా అర్జీ పెట్టుకోవాలి. అందులో "మీరెవరికి మిత్రులు? ఎన్నాళ్లుగా?" అని గడులున్నాయి. పరీక్షల గదివాళ్లు రొయ్య ఏ చెరువులో పుట్టిందో రాసిస్తే చాలదన్నారు. దాని తల్లి ఏ చెరువులో పుట్టిందో కూడా కావాలన్నారు. క్యాంటీనువాళ్లు నూనె ఉత్పత్తి తగ్గించుకున్నామని చెప్పి సాంబార్లో పోపు మానేశారు.

అమెరికా సంగతి వేరే చెప్పాలా? మంగతాయారు మొదటి రోజు సుంకమని చెప్పి పది టబ్బుల్లో ఒకటి వెనక్కి పంపింది. మర్నాడు అయిదింటిలో ఒకటి. ఆ మర్నాడు మూడింటిలో ఒకటి.

"ఏమమ్మా, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని?" అని శశాంక్ గారు అడిగారు.

"ఏం మారలేదండి. లేచేసరికి అలా అనిపించింది."

శశాంక్ గారు ఆనందం పట్టలేకపోయారు. "ఎంత సహజంగా ఉంది! ఈమెకు శిక్షణ ఎవరిచ్చారు?"

"మావారేనండి," అంది నన్ను చూపిస్తూ. "ఆయనతో ఇరవయ్యేళ్ల కాపురం."

నాలుగో వారం ఎం.డీ. గారు తెల్ల బూట్లు వేసుకుని తనిఖీకి వచ్చారు. ఆయన ముందు రెండు ట్రాలీలు వెళ్లాయి. మూడోది ఆయనే. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నేనయ్యా మరిడయ్యా!"

"తెలుసండి. ఆఫ్రికా అటండి."

"ఎందుకు?"

నేను చెప్పలేదు. ఆయన ముప్పావు గంట తర్వాత మోకాళ్ల దాకా బురదతో, చేతిలో పకోడీల పొట్లంతో వచ్చి, శశాంక్ గారిని కౌగిలించుకున్నారు. "నిజంగా ప్రపంచంలో ఉన్నట్టే ఉందయ్యా!" అన్నారు. ఆ సాయంత్రమే శశాంక్ గారికి ఇంకో గది, ఇంకో కుర్చీ ఇచ్చారు.

ఇలా మేం దేశాలుగా తలమునకలై ఉండగా అసలు ప్రపంచం కుదుటపడింది. యుద్ధం ఆగింది. ఓడలు పాత దారిన పడ్డాయి. సుంకం తగ్గింది. క్యాంటీను టీవీలో చూసి నేనే పరిగెత్తుకెళ్లి చెప్పాను.

"సార్, ఎర్రసముద్రం తెరిచారంటండి! ఆ రెండోదాన్ని!"

శశాంక్ గారు కుర్చీలోంచి లేచారు. "ఇది ఆందోళనకరం. మన ప్రణాళికలో శాంతికి తావు లేదు." కాసేపు గదిలో అటూ ఇటూ నడిచి, పుస్తకంలో రెండు వందల పదమూడో ఆపద రాసుకున్నారు: ఆకస్మిక శాంతి.

కానీ మా రొయ్యలకు శాంతి లేదు. రోజుకు పది టన్నులు పోయే చోట మూడు టన్నులు పోతోంది. ఆర్డర్లు ఒక్కొక్కటే జారిపోయాయి. చివరికి పద్నాలుగేళ్లుగా సరుకు కొంటున్న విదేశీ ఆసామి ఉత్తరం రాశాడు. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా కంటైనరు మా గేటు దాటి, ఆ వారం ఓడ అందుకోవాలి. లేదంటే ఇక సెలవు.

ఎం.డీ. గారు ఆ ఉత్తరం పట్టుకుని శశాంక్ గారి గదికి వచ్చారు. "పోనీ విన్యాసం ఆపేద్దామా?"

"సార్, అదే శుక్రవారం ఢిల్లీ నుంచి రిస్క్ సన్నద్ధతా పురస్కారం వారు పరిశీలనకు వస్తున్నారు," అన్నారు శశాంక్ గారు. "ఇప్పుడు ఆపితే మనం సన్నద్ధంగా లేమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. అమెరికాతో సంధి చేసుకుందాం. ఒప్పందంతో ముగిసే విన్యాసానికి మార్కులెక్కువ."

అలా బుధవారం మధ్యాహ్నం సంధి చర్చలు మొదలయ్యాయి. బల్లకు ఒకవైపు ఎం.డీ. గారు, శశాంక్ గారు. రెండోవైపు రబ్బరు ఏప్రను కట్టుకుని మంగతాయారు. జలమార్గాన్ని కాబట్టి నన్ను గుమ్మంలో నిలబెట్టారు.

"మీ షరతులు సెలవివ్వండి," అన్నారు శశాంక్ గారు.

"ఒక్కటేనండి. వేణ్నీళ్ల తొట్టి."

శశాంక్ గారు రెండు గంటలు మాట్లాడారు. "వేణ్నీళ్లు" అనే పదం మరీ సూటిగా ఉందన్నారు. "పరస్పర ఉష్ణోగ్రతా సహకారం" అని రాద్దామన్నారు.

"చెయ్యి పెడితే చురుక్కుమనాలి," అంది మంగతాయారు. "అలా రాయండి. అదే రాయండి."

అదే రాశారు. స్టాంపు కాగితం మీద ఆమె వేలిముద్ర వేసింది. మూడేళ్ల ఐసుకు వేలి గీతలు అరిగిపోయి, కాగితం మీద ఉత్త మరకే పడింది. ఫరవాలేదన్నారు. పూలదండలు వేశారు. ఫోటోలు తీశారు. అమెరికా సుంకాలు ఎత్తేసింది. నేను దారి మాత్రం తెరవలేదు. మూడో ట్రాలీని ఆపడం ఎర్రసముద్రానికీ అమెరికాకీ మధ్య విషయం కాదు గదా, ఆ ఉత్తర్వు అలాగే ఉంది.

గురువారం పొద్దున షెడ్డు మూల నీలం రంగు తొట్టి వెలిసింది. దాని మీద తెల్లటి పెద్ద అక్షరాలతో "వేణ్నీళ్లు" అని రాసి ఉంది. నూట ఇరవైమందీ చీరలు ఎగదోపుకుని వెళ్లి చుట్టూ మూగారు. లోపల చుక్క నీరు లేదు. అడుగున ఒక బల్లి ఉంది.

"ఇదేంటండీ?" అంది మంగతాయారు.

శశాంక్ గారు ఆశ్చర్యపోయారు. "అమ్మా, అది విన్యాసంలో కుదిరిన ఒప్పందం. విన్యాసం మేరకే అమలవుతుంది. నీళ్లున్నాయని అనుకోండి."

"అనుకుంటే చేతులు కాగుతాయా అండి?"

"కాగాయని అనుకోవాలి. విన్యాసమంటే అదే కదా."

మంగతాయారు ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. నాతో ఇరవయ్యేళ్ల కాపురంలో ఆ చూపు నేను మూడుసార్లే చూశాను. మూడుసార్లూ వేరే ఊళ్లో తలదాచుకున్నాను. ఆయనకు అనుభవం లేదు గనక కాఫీ తెప్పించుకున్నారు.

శుక్రవారం వచ్చింది. కంటైనరు లారీ గేటు లోపల ఇంజను ఆపకుండా నిలబడింది. ఢిల్లీ నుంచి ముగ్గురు పెద్దమనుషులు దిగి, తలలకు టోపీలు పెట్టుకుని, నా తొట్టి దగ్గరికి వచ్చారు. అదృష్టం కొద్దీ ముందు రెండు ట్రాలీలు అప్పుడే పోవడం వల్ల మొదటాయన మూడోవాడయ్యాడు. మిగతా ఇద్దరూ కాళ్లు ముంచి లోపలికి వెళ్లారు, ఆయన ఆఫ్రికా మీదుగా కొంచెం ఆలస్యంగా వచ్చాడు. ఒలవాల్సిన రొయ్యలు ఇంకా రెండు టన్నులున్నాయి. మధ్యాహ్నం రెండయింది.

రెండూ పదికి షెడ్డులో చప్పుడాగిపోయింది. అంతమంది ఆడవాళ్లు రొయ్యలు ఒలుస్తుంటే వాన కురుస్తున్నట్టుంటుంది. ఆ వాన ఆగింది. నేను గుమ్మంలోంచి తొంగి చూశాను. అందరూ బల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బల్లల మీద రొయ్యలు మీసాలతో సహా అలాగే ఉన్నాయి.

శశాంక్ గారు పరిగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా? ఎందుకాపారు?"

"ఆపలేదండి," అంది మంగతాయారు. "ఒలిచేశాం."

"ఎక్కడ ఒలిచారు? అన్నీ పెంకులతోనే ఉన్నాయి కదా!"

"ఒలిచామని అనుకోండి."

"అదెలా కుదురుతుంది?"

"కంటైనర్లో పెట్టామనుకోండి. ఓడెక్కిందనుకోండి. ఆళ్లు అక్కడ కమ్మగా తినేశారనుకోండి. మీకు రాదేంటండి అనుకోవడం? మేం రెండ్రోజుల్లో నేర్చేసుకున్నాం."

ఢిల్లీ పెద్దలు ఇదంతా విన్యాసంలో భాగమనుకుని చకచకా రాసుకుంటున్నారు. ఎం.డీ. గారు మాత్రం గేటు దగ్గరి లారీని చూసి, గోడ గడియారం చూసి, శశాంక్ గారి చేతిలోని పుస్తకం లాక్కున్నారు.

"ఇందులో ఏమని ఉందయ్యా దీనికి?"

"ఇది... ఇది రిజిస్టర్లో లేదు సార్. జియోపొలిటికల్ కాదని నేనే..."

"వేణ్నీళ్లు!" అని ఎం.డీ. గారు అరిచారు. "ఎక్కడున్నాయి వేణ్నీళ్లు?"

క్యాంటీనులో ఉన్నాయి. ఢిల్లీవాళ్ల పులావుకని నాలుగు డేగిసాల్లో ఎసరు తెర్లుతోంది. బియ్యం పక్కన పడేసి బకెట్లు పట్టుకున్నారు. క్యాంటీనుకూ షెడ్డుకూ మధ్య ఉన్నది నేను.

మొదటి బకెట్ ఎం.డీ. గారు తెచ్చారు. కాళ్లు ముంచారు, పోనిచ్చాను. రెండోది చిట్టిబాబు తెచ్చాడు. తన ఐసు ప్లాంటుకు అవమానమని గొణుక్కుంటూనే తెచ్చాడు. మూడోది శశాంక్ గారు. చెయ్యి అడ్డం పెట్టాను.

"మరిడయ్య గారూ, ఇది అత్యవసరం!"

నేను చెయ్యి దించలేదు.

"ఎందుకు ఆపుతున్నారు? కారణం చెప్పండి!"

ఎర్రసముద్రం ఎవరికైనా సంజాయిషీ ఇస్తుందా? ఆఫ్రికా వైపు వేలు చూపించాను. ఉత్తర్వు మీద సంతకం ఆయనదే గనక నోరెత్తలేక వెళ్లారు. జనరేటరు షెడ్డు, మురుగు తొట్టి, పకోడీలు, క్షవరం అన్నీ దాటుకుని ముప్పావు గంటకు షెడ్డు చేరారు. మంగతాయారు వంగి ఆ బకెట్లో మోచెయ్యి పెట్టి చూసింది, పసిపిల్లకు నీళ్లు పోసే ముందు చూసినట్టు. వేళ్లకు తెలియదు కదా.

"ఇవి ఆఫ్రికా నీళ్లండి. చల్లారిపోయాయి. మళ్లీ తెండి."

మళ్లీ తెచ్చారు. ఖర్మ చూడండి, మళ్లీ మూడోవారే. ఈసారి ఆయన దారి మీద తిరుగుతుంటే బాతులు కూడా వెంటపడ్డాయి. మిగతా బకెట్లతో తొట్టి సగం నిండి, సగం మంది చేతులు కాగేసరికి నాలుగయింది. మూడో విడత ఆయన నా ముందుకొచ్చి, బకెట్ కింద పెట్టి, ఏమీ అడక్కుండా తనంతట తనే ఆఫ్రికా వైపు తిరిగారు. అప్పుడు లోపల్నించి కేక వినిపించింది.

"మావా! ఆడిన ఆట చాలు, నీళ్లు పంపు! ఇక్కడ ఇంకా అరవైమంది చేతులు కొయ్యల్లా ఉన్నాయి!"

నేను నా చేతి పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాను. ఎర్రసముద్రం ఆ క్షణానే ముగిసింది.

ఆ తర్వాత కురిసిన వాన మీరు విని ఉండరు. వేళ్లకు ప్రాణం వచ్చిన నూట ఇరవైమంది ఒలుస్తుంటే పెంకులు లేచి రేకుల కప్పుకు తగిలాయి. కొన్ని రొయ్యలు ఆ వేగానికి భయపడి తమంతట తామే పెంకు విప్పుకున్నాయని చిట్టిబాబు ఒట్టేసి చెబుతాడు. నేను అంత దూరం వెళ్లను. అయిదింటికి మూడు నిమిషాలుందనగా కంటైనరు గేటు దాటింది.

పురస్కారం మాకే వచ్చింది. "ఊహించని విఘాతాన్ని ఊహించినట్టే ఎదుర్కొన్నందుకు" అని చెక్క మీద చెక్కించి ఇచ్చారు. ఆ వేణ్నీళ్ల వ్యవస్థ అన్నిటికన్నా నచ్చిందనీ, ఏటేటా ముందు చెప్పకుండా వచ్చి చూస్తామనీ రాసి వెళ్లారు. దాంతో తొట్టి తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. శశాంక్ గారు రెండు వందల పద్నాలుగో ఆపద రాసుకున్నారు: నీళ్లు చల్లారుట. ప్రతి ఆపదకూ ఒక బాధ్యుడుండాలని రూలు పెట్టింది కూడా ఆయనే గనక, బాధ్యుడి గడిలో ఆయన పేరే పడింది. ఇప్పటికీ గంటకోసారి సూటు చేతులు పైకి మడుచుకుని వచ్చి, నా తొట్టిలో కాళ్లు ముంచి, ఆ తొట్టిలో మోచెయ్యి పెట్టి, వేడి రాసుకుని వెళతారు. ఇంత చదువూ చదివి పసిపిల్లకు పోసే నీళ్లు చూసినట్టు చూసే పని కుదిరింది ఆయనకు.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్లాక మంగతాయారు చెప్పులు విడవకుండానే నా మీదికొచ్చింది.

"రెండుసార్లు ఆపుతావా? అక్కడ ఆడవాళ్ల చేతులు పడిపోతుంటే నీకు ఆటలా?" అంటూ నా కుడి చెవి పట్టుకుని మెలేసింది.

నేను కేక పెట్టాను. ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. తన వేళ్లకేసి చూసుకుంది. బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానికొకటి రుద్దుకుంది.

"తెలిసిందా మావా?" అంది.

"చురుక్కుమందే," అన్నాను. "ఏదీ, ఎడమది కూడా ఓసారి చూడు."